నీటికి దారి వదిలిన పనితనం

నార్వే పడమటి తీరంలో, సోగ్నేఫ్యోర్డ్ ఒడ్డున బాలెస్త్రాండ్ అని ఒక చిన్న ఊరు. ఆ ఊరి పేరు బయటి ప్రపంచానికి తెలియడానికి సగం కారణం అక్కడి క్విక్నెస్ హోటల్. నీటి అంచునే తెల్లగా, వరండా మీద వరండాగా లేచిన పెద్ద చెక్క కట్టడం అది. దిగినవాళ్లంతా గది కిటికీ తెరిచి ఫ్యోర్డ్‌ను చూస్తారు. చూసి తీరాలి కూడా. అయితే ఆ కిటికీ చట్రాన్ని, దాని పైన ముందుకు చాచిన చూరును, చూరు అంచున నగిషీ కోసిన పలకలను కూడా అంతే శ్రద్ధగా చూడమని నా మనవి. ఎడతెరిపి లేని వానలు, నెలల తరబడి మంచు, పక్కనే ఉప్పునీళ్లు, వెనక కొండవాలు. చెక్కకు ఇంతకంటే గడ్డు చోటు దొరకదు. అలాంటి చోట చెక్కనే నమ్ముకుని కట్టి, తరతరాలు నిలబెట్టారు. అది ఎలా కుదిరిందో తెలియాలంటే హోటల్ ఒక్కటీ చూస్తే చాలదు. అక్కడికి చేర్చే రైలుదారిని, చుట్టుపక్కల తొమ్మిది వందల ఏళ్ల నుంచి నిలిచి ఉన్న చెక్క చర్చిలను కూడా చూడాలి. మూడింటిలోనూ ఒకే బుద్ధి పనిచేసింది: నీటితో తలపడకుండా, దానికి పోయే దారి చూపించడం.

ఫ్యోర్డ్ అంటే కొండల నడుమకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. సోగ్నేఫ్యోర్డ్ తీరం నుంచి లోపలికి దాదాపు 205 కిలోమీటర్లు సాగుతుంది. నార్వేలో ఇంతకంటే పొడవైనది లేదు, లోతైనదీ లేదు. నడిమధ్యన లోతు 1,300 మీటర్లు దాటుతుంది. మంచుయుగాల్లో హిమానీనదాలు పాత నదీలోయల వెంట కదులుతూ రాతిని ఒరుచుకుపోయాయి. సముద్రం దగ్గరికి వచ్చేసరికి మంచు పరుచుకుని పలచబడింది, కోత తగ్గింది. అందుకే ఇంత లోతైన పాయకు సముద్రంలో కలిసే చోట మాత్రం లోతు చాలా తక్కువ. మనుషుల దగ్గరికొస్తే దీని ఫలితం ఒక్కటే: చదునైన నేల కరువు. వాగులు కొండ మీంచి మట్టి, రాళ్లు తెచ్చి పోసిన కొద్దిచోట్లనే ఊళ్లు వెలిశాయి. ఇల్లు, గుడి, పొలం, రేవు అన్నీ ఆ కాస్త నేలలోనే సర్దుకోవాలి.

హైదరాబాద్ నుంచి వెళ్లేవారు గల్ఫ్‌లోనో ఐరోపాలోనో విమానం మారి ఓస్లో గానీ బెర్గెన్ గానీ చేరాలి. నార్వేకు షెంగెన్ వీసా సరిపోతుంది. బెర్గెన్ నుంచి సులువైన దారి పడవే. రేవులో ఎక్స్‌ప్రెస్ పడవ ఎక్కితే దీవుల మధ్యగా ఉత్తరానికి వెళ్లి, సోగ్నేఫ్యోర్డ్ ముఖంలో తూర్పుకు తిరిగి, నాలుగు గంటల వ్యవధిలో బాలెస్త్రాండ్‌లో దించుతుంది. రేవు నుంచి హోటల్‌కు నడిచే పోవచ్చు. హాయైన ప్రయాణమే. కానీ పనితనం చూడాలనుకునేవారిని నేను ఆ దారిన పంపను. ఓస్లోలో రైలెక్కి, 1909లో తెరిచిన బెర్గెన్ లైన్ మీద పీఠభూమి దాటి, మిర్దాల్‌లో దిగి, ఫ్లోమ్ రైలు పట్టుకోమంటాను.

మిర్దాల్ స్టేషన్ సముద్రమట్టానికి 866 మీటర్ల ఎత్తులో ఉంది. ఫ్లోమ్ స్టేషన్ ఫ్యోర్డ్ ఒడ్డున, దాదాపు నీటిమట్టంలోనే ఉంది. రెండింటి మధ్య రైలుదారి 20 కిలోమీటర్లు. అంత ఎత్తును అంత కొద్ది దూరంలో దిగాలంటే మామూలుగా పట్టాల మధ్య పళ్లచట్రం బిగిస్తారు, లేదా తాడుతో లాగుతారు. ఇక్కడ రెండూ లేవు. మామూలు పట్టాలు, మామూలు చక్రాలు, ఉక్కుకూ ఉక్కుకూ మధ్య ఉండే పట్టు ఒక్కటే ఆధారం. దారిలో దాదాపు ఐదింట నాలుగు వంతుల మేర ప్రతి 18 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలు ఉంటుంది. మామూలు రైలు పట్టాల మీద నిత్యం నడిచే రైళ్లలో ఇంత వాలున్నవి ప్రపంచంలోనే అరుదు. ఎక్కేటప్పుడు గంటకు 40 కిలోమీటర్లు, దిగేటప్పుడు 30 మాత్రమే. దిగేటప్పుడే వేగం తక్కువన్న సంగతి గమనించండి. ఆ దారిని కట్టినవాళ్లు ఎక్కడ జంకారో, దేన్ని గౌరవించారో ఆ రెండు అంకెలే చెబుతాయి.

అసలు చాతుర్యం దారిని గీసిన తీరులో ఉంది. లోయకు రెండు గోడలు. ఏ గోడ మీద ఎక్కడ మంచు విరిగిపడుతుందో, ఎక్కడ రాళ్లు జారతాయో అక్కడి రైతులకు తరాలుగా తెలుసు. ఇంజనీర్లు పట్టాలను ఒకే గోడకు అంటించి పట్టుబట్టలేదు. ప్రమాదం ఎదురైన చోట అవతలి గోడకు మార్చారు, అక్కడ ప్రమాదం ఎదురైతే మళ్లీ ఇవతలికి. అలా మార్చినప్పుడల్లా మధ్యలో నది అడ్డొస్తుంది. నది అడ్డొస్తే వంతెన కట్టాలి. వీళ్లు కట్టలేదు. కొండలో నదికే సొరంగం తవ్వి, దాన్ని పట్టాల కిందుగా పంపేశారు. రైల్లో కూర్చున్నవాళ్లకు నది కాసేపు కుడివైపు కనిపిస్తుంది, తర్వాత ఎడమవైపు. మధ్యలో వంతెన దాటినట్టే ఉండదు. చాలామంది ఆ సంగతి గమనించకుండానే కిందికి దిగిపోతారు. నాకు ఈ దారిలో అన్నింటికంటే నచ్చినది ఆ కనపడని పనే. వంతెన కడితే ఏటేటా వరదకు, మంచుకు ఎదురొడ్డాలి. నదిని రాతిలోంచి పోనిస్తే ఆ గొడవే ఉండదు.

మొత్తం 20 సొరంగాలు, కలిపి ఆరు కిలోమీటర్లకు కాస్త తక్కువ. వాటిలో 18 సొరంగాలను చేతులతోనే తొలిచారు. సమ్మెటతో రాతిలో రంధ్రం చేసి, మందు కూరి పేల్చి, రాళ్లు ఎత్తిపోసుకుంటూ సాగిన పని. ఒక్క మీటరు సొరంగానికి ఒక్కో కార్మికుడి నెల రోజుల కష్టం పట్టిందని అక్కడ లెక్క చెబుతారు. 1924లో మొదలైన పని 1940కి గానీ రైలు నడిచే స్థితికి రాలేదు. మొదట ఆవిరి ఇంజన్లు నడిచాయి, 1944లో కరెంటు వచ్చింది. పైన వాత్నాహాల్సెన్ దగ్గర పట్టాలు కొండ కడుపులోనే గుండ్రంగా తిరిగి, వచ్చిన దిక్కుకే మళ్లుతాయి. బయట మలుపు తిప్పడానికి చోటు లేక లోపల తిప్పారు. రైలు బయటికొచ్చాక కిటికీలోంచి చూస్తే ఇందాక తాము వచ్చిన పట్టాలు పైన కనిపిస్తాయి. శోస్‌ఫొస్సెన్ జలపాతం దగ్గర రైలు కాసేపు ఆగుతుంది. అందరూ దిగి తుంపర్లలో తడుస్తూ ఫొటోలు తీసుకుంటారు. తీసుకున్నాక ఒక్కసారి వెనక్కి తిరిగి సొరంగం నోటిని చూడండి. ఉలి, మందు, సమ్మెట చేసిన గరుకు అక్కడ ఇంకా కనిపిస్తుంది.

ఫ్లోమ్‌లో దిగాక వేసవిలో నేరుగా పడవ ఉంటుంది. ఆర్లాండ్స్‌ఫ్యోర్డ్ అనే కొమ్మపాయ గుండా పెద్ద ఫ్యోర్డ్‌లోకి వచ్చి గంటన్నరలో బాలెస్త్రాండ్ చేరుస్తుంది. సమయం ఉంటే పడవ ఎక్కేముందు ఆర్లాండ్ పైన, 650 మీటర్ల ఎత్తున 2006లో కట్టిన స్టేగస్తైన్ మంచెను చూసి రావచ్చు. కొండ అంచు నుంచి గాల్లోకి 30 మీటర్లు చాచి, చివర కిందికి వంగిన దారి అది. పైన్ చెక్క పొరలను జిగురుతో అతికించి వంచి, ఉక్కు ఊతంతో నిలిపారు. గీసినవాళ్లు టాడ్ సాండర్స్, తొమ్మీ విల్‌హెల్మ్‌సెన్. దాన్ని కట్టడానికి అక్కడి పైన్ చెట్లను నరకకుండా వాటి మధ్యగా పోనిచ్చారు. చూసి తీరవలసిన పనే.

ఇక హోటల్. 1877లో క్విక్నె కుటుంబం చేతికి వచ్చింది. 1913లో ఇప్పుడు మనం చూసే పెద్ద భవనం లేచింది. నార్వేలోని అతిపెద్ద చెక్క కట్టడాల్లో ఇదొకటి. 19వ శతాబ్దం రెండో సగంలో ఆవిరి రంపాలు వచ్చి పలకలు చవకయ్యాక నార్వే అంతటా స్విస్ తరహా ఇళ్లు వ్యాపించాయి. పెద్ద చూర్లు, వరండాలు, రంపంతో కోసిన నగిషీలు వాటి గుర్తులు. క్విక్నెస్ ఆ తరహాకు శిఖరం. ఆ నగిషీలు షోకు కోసమే అనుకుంటే పొరపాటు. నిలువు పలకల కింది కొసలను సూదిగానో గుండ్రంగానో కోస్తే వాననీళ్లు ఆ కొస దగ్గర చేరి, బొట్టుగా మారి, గోడకు దూరంగా పడతాయి. అడ్డంగా కోసి వదిలేస్తే నీరు ఆ అంచు వెంట పాకి పలక వెనక్కి చేరుతుంది. చెక్క ఎక్కడైనా మొదట కుళ్లేది నరికిన కొస దగ్గరే. అక్కడి నార గొట్టాల్లా తెరుచుకుని ఉండి నీటిని పీల్చుకుంటుంది. అందమైన ఆ కోత ఆ కొసను ఆరబెట్టే ఉపాయం. చూరు అంత ముందుకు చాచడం, కట్టడాన్ని రాతి పునాది గోడ మీదికి ఎత్తి నిలబెట్టడం కూడా ఇదే లెక్క.

లోపల హొయ్‌విక్ హాలుకు తప్పకుండా వెళ్లాలి. ఇవార్ హొయ్‌విక్ అనే చెక్కడపు పనివాడి పేరు దానికి పెట్టారు. కుర్చీల చేతులు, వీపులు, బల్లల కాళ్లు అన్నీ డ్రాగన్ తరహా. పాములు, మృగాల తలలు, అల్లుకుపోయే తీగలు. వైకింగుల నాటి చెక్కడాలను చూసి నార్వే కళాకారులు 19వ శతాబ్దం చివర మళ్లీ తెచ్చుకున్న శైలి అది. స్వీడన్‌తో కలిసి ఒకే రాజు కింద ఉన్న దేశం 1905లో విడివడింది. ఆ కాలపు స్వాభిమానం ఈ కుర్చీల మీద కూడా కనిపిస్తుంది. అతిథుల్లో జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ ఉండేవాడు. వేసవిలో తన ఓడలో ఈ ఫ్యోర్డ్‌కు రావడం ఆయనకు అలవాటు. 1914 జూలైలో ఐరోపాలో యుద్ధం ముంచుకొస్తున్నప్పుడు కూడా ఆయన ఇక్కడే ఉన్నాడు, ఇక్కడి నుంచే హడావుడిగా బయల్దేరాడు. ఆయన కూర్చున్న కుర్చీని చూపిస్తారు. నిజం చెప్పాలంటే ఆ కుర్చీ కంటే హొయ్‌విక్ కుర్చీలే ఎక్కువసేపు చూడదగ్గవి.

హోటల్ నుంచి కొన్ని నిమిషాలు నడిస్తే సెయింట్ ఒలాఫ్ చర్చి. 1897లో కట్టింది. మార్గరెట్ గ్రీన్ అనే ఆంగ్లేయ యువతి కొండలెక్కడానికి వచ్చి, క్విక్నె కుటుంబంలోని క్నూత్‌ను పెళ్లాడి ఇక్కడే స్థిరపడింది. ఊళ్లో ఆంగ్లికన్ చర్చి ఒకటి ఉండాలన్నది ఆమె కోరిక. అది తీరకముందే క్షయతో 1894లో కన్నుమూసింది. భర్త ఆమె జ్ఞాపకంగా కట్టించాడు. గోధుమరంగు చెక్క, అంతస్తులుగా లేచే కప్పు, కప్పు కొసల మీద డ్రాగన్ తలలు. పాత చెక్క చర్చిల పోలికలో కట్టిన చిన్న గుడి ఇది. దీన్ని చూశాక అసలైన పాత చర్చి చూడకుండా వెనక్కి రావడం అన్యాయం.

దగ్గరలో ఉన్నది హొప్పెర్‌స్టాడ్. ద్రాగ్స్‌విక్ రేవులో ఫెర్రీ ఎక్కి అవతల వాంగ్‌స్నెస్‌లో దిగాలి. అక్కడ గుట్ట మీద పాత గాథల్లోని ఫ్రిత్‌యోఫ్ వీరుడి పెద్ద విగ్రహం నిలబడి ఉంటుంది. 1913లో విల్‌హెల్మ్ కానుకగా పెట్టించాడు. అక్కడి నుంచి వీక్ ఊరు కొద్ది దూరమే. ఊరి పక్క పచ్చిక మీద నల్లగా, మెట్లు మెట్లుగా పైకి సన్నబడుతూ హొప్పెర్‌స్టాడ్ చర్చి కనిపిస్తుంది. 12వ శతాబ్దం నాటిది. మధ్యయుగాల్లో నార్వేలో ఇలాంటివి వెయ్యికి పైగా ఉండేవని అంచనా. ఇప్పుడు మిగిలినవి 28.

మిగిలినవి మిగలడానికి కారణం వాటి పాదాల దగ్గర ఉంది. అంతకుముందు తరం చర్చిలకు స్తంభాలను నేరుగా మట్టిలో పాతేవారు. తడి మట్టిలో చెక్క ఎంత గట్టిదైనా కొన్ని దశాబ్దాల్లో మొదలు కుళ్లుతుంది, కట్టడం కూలుతుంది. ఆ పాఠం నేర్చుకున్నవాళ్లు తర్వాతి తరంలో స్తంభాన్ని నేల నుంచి లేపేశారు. ముందు బండరాళ్లు వరసగా పేర్చారు. వాటి మీద బరువైన దూలాలను చతురస్రంగా పరిచి, మూలల్లో ఒకదానిలో ఒకటి దిగేలా కోసి బిగించారు. ఆ దూలాల మీద స్తంభాలు నిలిపారు. ఎక్కడా చెక్క మట్టిని తాకదు. రాళ్ల సందుల్లోంచి గాలి ఆడుతుంది, తడి ఆరిపోతుంది. గోడ పలకలను కూడా నిలువుగానే, కింది దూలం గాడిలోకి దించి, పక్కపక్క పలకల అంచుల్లో గాడీ నాలుకా కలిపి నిలబెట్టారు. నీరు పలక నార వెంట జారి కిందికి పోతుంది, అడ్డంగా నిలవడానికి చోటుండదు. కప్పు మీద చెక్క పెంకులు, మన పెంకుటిళ్ల మీది వరసల్లాగే, పై వరస కింది వరసను సగం కప్పుతూ దిగుతాయి. పై కప్పు నీటిని కింది కప్పు మీదికి, అది దాని కింది దాని మీదికి అందిస్తుంది. దూరం నుంచి దేవాలయ గోపురంలా కనిపించే ఆ అంతస్తులు లెక్కప్రకారం నీటి మెట్లు.

లోపలికి వెళ్లి చీకటికి కళ్లు అలవాటయ్యాక పైకి చూడండి. స్తంభాల మధ్య అడ్డకర్రలు గుణకారపు గుర్తులా వేసి ఉంటాయి. స్తంభానికీ దూలానికీ మూలలో వంపు తిరిగిన ఊతాలు ఉంటాయి. వాటిని నిటారు చెక్కలోంచి కోయలేదు. చెట్టు మొదలు, వేరు కలిసే చోట సహజంగా ఉన్న వంపును వెతికి, అదే వంపులో చెక్కారు. నార ఊతం వెంటే వంగి పోతుంది కాబట్టి అది విరగదు. ఓడలు కట్టేవాళ్ల విద్య ఇది. ఇక్కడి వడ్రంగులు ఓడలూ కట్టినవాళ్లే. చట్రాన్ని పట్టి ఉంచేవి చాలామేరకు చెక్క చీలలూ, ఒకదానిలో ఒకటి కూర్చున్న కోతలే. గాలి కొట్టినప్పుడు కట్టడం కాస్త కదిలి, మళ్లీ తన చోటికి వస్తుంది.

ఇక చెక్క సంగతి. చేవ ఉన్న పాత పైన్ చెట్లనే ఎంచుకునేవారు. నరికే ముందు చెట్టు తల కోసి, కొన్నేళ్లు నిలువునా అలాగే వదిలేసేవారని చెబుతారు. చెట్టులోని జిగురు మానంతా పట్టి, చేవ ముదిరేది. పైగా తారు. పైన్ మొద్దులను, వేళ్లను నిప్పులో మెల్లగా మగ్గబెట్టి తీసిన తారును గోడలకు, కప్పుకు పూస్తూ ఉండాలి. దక్షిణపు గోడ ఎండకు తారు కరిగి త్వరగా పలచబడుతుంది, ఉత్తరపు గోడ నల్లగా మెరుస్తూ ఉంటుంది. ఎండ బాగా పడిన రోజున దగ్గరికి వెళ్తే వాసన గుప్పుమంటుంది. ఈ పూత పని తొమ్మిది వందల ఏళ్లుగా సాగుతూనే ఉందన్నది మరిచిపోవద్దు. కట్టినవారి పనితనం ఎంతో, కాపాడినవారిదీ అంతే.

కాపాడినవారి గురించి ఒక మాట. 1870ల నాటికి వీక్ ఊరికి కొత్త చర్చి వచ్చింది, హొప్పెర్‌స్టాడ్ కూల్చేసే స్థితికి చేరింది. 1844లో ఏర్పడిన ప్రాచీన కట్టడాల పరిరక్షణ సంఘం దాన్ని తీసుకుంది. వాస్తుశిల్పి పీటర్ బ్లిక్స్ 1880లలో పునరుద్ధరణ చేపట్టాడు. పాడైపోయిన బయటి రూపానికి లేర్డాల్ లోయలోని బోర్గున్ చర్చిని నమూనాగా తీసుకున్నాడు. బోర్గున్ 1180 ప్రాంతంలో నరికిన చెట్లతో కట్టిందని చెక్కలోని వార్షిక వలయాలు లెక్కించి తేల్చారు. నార్వేలో వాన బాగా తక్కువ పడే లోయ కావడం కూడా దానికి కలిసొచ్చింది. వీక్ ఊళ్లోనే ఉన్న రాతి చర్చి హోవెను బ్లిక్స్ తన సొంత డబ్బుతో బాగుచేయించాడు. ఇంత పట్టుదల ఉన్న ఒక్క మనిషి లేకపోతే మనకు చూడటానికి ఏమీ మిగిలేది కాదు.

చివరికి ఉర్నెస్. బాలెస్త్రాండ్ నుంచి ఒక రోజు దీనికే కేటాయించాలి. ఫెర్రీ దాటి సోగ్న్‌దాల్ మీదుగా సోల్‌వోర్న్ చేరి, అక్కడ చిన్న ఫెర్రీలో లుస్త్రాఫ్యోర్డ్ దాటి, కొండవాలున కాసేపు ఎక్కాలి. ఈ చర్చి 1130 ప్రాంతంలో కట్టింది. 1979లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. కానీ దాని ఉత్తరపు గోడలో ఉన్న ద్వారం అంతకంటే పాతది. సుమారు 1070లో అక్కడే ఉన్న మరో చర్చిది. ఆ చర్చి పోయినా, ద్వారాన్ని పారేయడానికి కొత్త వడ్రంగులకు మనసొప్పలేదు. తెచ్చి ఇందులో అమర్చుకున్నారు.

ఆ ద్వారం పక్కన ఒక నాలుగు కాళ్ల మృగం నిలబడి ఉంది. సన్నని నడుము, పొడుగు మెడ, పెద్ద కన్ను. దాని నోట్లో ఒక పాము, పాము మళ్లీ మృగాన్ని చుట్టుకుని కరుస్తోంది. ఆ చుట్ల నుంచి ఇంకో పాము. కాసేపు చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. రెండే రకాల గీతలున్నాయి: ఒకటి లావు, ఒకటి సన్నం. లావు గీత ఊపిరి పీల్చినట్టు ఉబ్బి మళ్లీ సన్నబడుతుంది, సన్నని గీత ఉచ్చులు వేసుకుంటూ దాని కిందా మీదా దూరిపోతుంది. చెక్కినవాడు ఏ గీత దేని మీద పోతుందో, దేని కింద పోతుందో ఎక్కడా తప్పలేదు. వేలితో గాల్లో ఒక గీతను మొదటి నుంచి చివరి దాకా వెంబడించి చూడండి, తెగదు. నేపథ్యాన్ని లోతుగా తవ్వేశాడు, కాబట్టి ఏటవాలు వెలుతురులో ప్రతి చుట్టూ తన నీడను తన పక్కనే వేస్తుంది. ఉత్తర ఐరోపాలో వైకింగుల చివరి కాలపు కళాశైలికి కళాచరిత్రకారులు ఈ ఊరి పేరే పెట్టారు. క్విక్నెస్ హోటల్లో హొయ్‌విక్ చెక్కిన కుర్చీలకు మూలం ఇలాంటి గోడలే.

తిరిగి వచ్చాక ఇంకా రోజులుంటే ఫ్యార్‌లాండ్ వెళ్లండి. ప్రిట్జ్‌కర్ పురస్కారం అందుకున్న స్వెర్రె ఫెన్ గీసిన హిమానీనదాల మ్యూజియం 1991 నుంచి అక్కడ ఉంది. బాలెస్త్రాండ్ వెనక గౌలార్ కొండదారి మీద ఉత్సిక్తెన్ మంచె ఉంది. మడతలు తిరిగిన ఆ కాంక్రీటు పలక అంచు నుంచి రోడ్డు మెలికలన్నీ కనిపిస్తాయి.

వెళ్లేవారికి రెండు మాటలు. ఈ చెక్క చర్చిలు, హోటల్, ఫ్లోమ్ నుంచి వచ్చే పడవ ప్రధానంగా వేసవికాలానివి. మే నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్లేలా చూసుకోండి, ఫెర్రీ వేళలు ముందే సరిచూసుకోండి. వాన పడుతోందని మాత్రం గదిలో ఉండిపోకండి. చూరు ఎలా పనిచేస్తుందో, పలక కొస నీటిని ఎలా వదులుతుందో వానలోనే కనిపిస్తుంది. గొడుగు వేసుకుని బయటికి రండి.